రాజుగారి ముచ్చట శాలువా

ఉన్నట్టుండి పేదవాడికేదో కోరిక పుడితే తిక్క అంటాం. అదే రాజుకు పుడితే ముచ్చట అంటాం. మాటలు రెండైనా సరుకొకటే, పిల్లలూ!

వీరకేతుడనే రాజు నేతగత్తె సూరమ్మకు పండక్కి పట్టుశాలువా పురమాయించాడు. మొదట చిలక బొమ్మ కావాలన్నాడు. ముక్కు నేసేసరికి, కాదు, హంస అన్నాడు. మెడ నేసేసరికి ఏనుగన్నాడు. "నా మాటల్లో ఏది తప్పినా నీ మగ్గం లాగేసుకుంటా" అని బెదిరించాడు కూడా.

పండగనాడు సభలో శాలువా విప్పితే చిలక ముక్కు, హంస మెడ, ఆ కింద ఏనుగు ఒళ్లూ తోకా!

"ఇదేం బొమ్మే?" అని రాజు గర్జించాడు.

"నేసిన పట్టు విప్పితే పాడవుతుంది ప్రభూ! అందుకే తమరు దేన్ని ఎంతసేపు కోరారో, దాన్ని అంతే నేశాను. ఒక్క మాటా తప్పలేదు."

సభంతా నవ్వు ఆపుకుంటుంటే రాజే పకపకా నవ్వేశాడు. "మగ్గం నీదే సూరమ్మా! ఈసారి బొమ్మ నువ్వే ఎంచుకో. నేను నోరు మూసుకుంటాను."