చుక్కమ్మ వెదురు పిచ్చుకలు

తూర్పు కనుమల్లో చలి ముదిరిందంటే పొద్దెక్కేదాకా మంచు విడవదు. ఆ మంచులో వాగులూ లోయలూ గాలిస్తూ ఒక ముసలి అడవికోడి తిరిగేది. పేరు చుక్కమ్మ. ఆమెకు ఒక కన్ను పొర కమ్మింది, రెండోదీ మసకేస్తోంది. అదీ పోయేలోగా వెదురు పిచ్చుకల్ని ఇంకొక్కసారి చూడాలని ఆమె పట్టు.

"ఎర్రతల పిట్టలు కనబడ్డాయా?" అని కుందేలును అడిగేది, దారిన పోయే దుప్పినీ ఆపి అడిగేది.

"అవి రావడం మానేసి ఎంత కాలమైంది, చుక్కమ్మా! హాయిగా ఇంటిపట్టున ఉండరాదూ?" అంది ముళ్ళపంది.

"ఇంట్లో కూర్చుంటే అవే వచ్చి తలుపు కొడతాయా?" అని కసిరి ముందుకు నడిచింది చుక్కమ్మ.

ఆమె చిన్నపిల్లగా ఉన్న ఏడు వెదురువనమంతా ఒక్కసారిగా పూసింది. ఎక్కడో ఉత్తరాన మంచుకొండల నుంచి వెదురు పిచ్చుకలు దిగాయి. దానిమ్మ రసంలో తల ముంచి తీసినట్టుండేవి. అవి పైన కూర్చుని గింజలు చిట్లిస్తుంటే, కింద రాలినవి కోళ్ళు ఏరుకునేవి. అమ్మ, అక్కలు, ఎవరితోనూ పడని మేనత్త, అంతా ఒకే చోట. తెల్లవారగానే పైనుంచి సన్నటి ఈల వినబడేది. ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నట్టు దాని చివర పైకి లేచేది. కింద నుంచి కోళ్ళన్నీ ఒక్కసారే బదులు పలికేవి. మేనత్త కూడా.

పూసిన వెదురు ఎండిపోయింది. పిట్టలు రావడం మానేశాయి. అక్కల్లో కొందర్ని డేగలూ కొందర్ని నక్కలూ ఎత్తుకుపోయాయి. ఇప్పుడు అక్కడ కొత్త వెదురు పెరిగింది గానీ, ఆ ఈల గుర్తున్నది చుక్కమ్మ ఒక్కదానికే.

ఈ సంగతి నక్క జంబయ్య చెవిన పడింది. ఒకనాటి సాయంత్రం వినయంగా తోక ముడిచి ఎదురొచ్చాడు.

"పిన్నీ, నీ పిట్టల్ని చూశాను."

చుక్కమ్మ దూరంగానే ఆగింది. "నువ్వు చూసిన పిట్టలు ఇంకా బతికే ఉన్నాయా?"

"ఎంత మాటన్నావు! మాంసం మానేశాను పిన్నీ, కడుపులో మంట. అవతలి లోయలో గచ్చపొద ఉంది చూడు, దాని నిండా ఎర్రటి తలలే. కాకపోతే బెదురు పిట్టలు. రేపు తెల్లారకముందే, ఒక్కదానివే రా."

అబద్ధమని సగం తెలుసు. కానీ మిగతా సగం ఆ రాత్రంతా ఆమెను నిద్రపోనివ్వలేదు. తెల్లారకముందే బయల్దేరింది.

మంచులో గచ్చపొద నల్లగా కనబడింది. దాని అంచు పొడుగునా ఎర్రెర్రగా ఏవో కూర్చుని ఉన్నాయి. చుక్కమ్మకు అక్కలు గుర్తొచ్చారు. తెలియకుండానే కాళ్ళు ముందుకు పడ్డాయి.

"ఇంకొంచెం దగ్గరికి పిన్నీ, సరిగ్గా కనబడతాయి" అని వెనక నుంచి గుసగుసగా అన్నాడు జంబయ్య.

చుక్కమ్మ ఠక్కున ఆగింది. ఎటు చూసినా ఎరుపే. ఆ పిట్టల్లో మగవాళ్ళకే ఎరుపు, అదీ వయసొచ్చాకే. ఆడవాళ్ళూ పిల్లలూ మట్టిరంగు. ఆడవాళ్ళు లేకుండా పిల్లాజెల్లా లేకుండా ఎక్కడైనా వలస బయల్దేరుతుందా? కింద చూస్తే ఒక్క గింజపొట్టు లేదు. మంచి కన్ను చిట్లించి మళ్ళీ చూసింది. బూరుగు పూలు! ముళ్ళకు గుచ్చి ఉన్నాయి.

వెనక్కి తిరిగితే నక్క నోట్లో పడుతుంది. ఎగరాలంటే ముసలి రెక్కలకు పది అంగల పరుగు కావాలి.

"అబ్బాయ్ జంబయ్యా, ఎంత పుణ్యం కట్టుకున్నావురా!" అంది గొంతు తగ్గించి. "అయితే అన్నీ అటు తిరిగి కూర్చున్నాయి. మొహం చూడకపోతే నా మనసు నిండదు. నువ్వు పొద వెనకాలకు దూరి కాస్త ఇటు అదిలించు."

"నేనా? ఎగిరిపోవూ?"

"పిట్టలే అయితే ఎగురుతాయి. కావా ఏంటి?"

కాదంటే గుట్టు బయటపడుతుంది. ముసలిది, ఒంటికన్నుది, ఎక్కడికి పోతుందిలే అనుకుని జంబయ్య పొదలో దూరాడు. గచ్చముల్లు కొక్కెంలా ఉంటుంది. లాగినకొద్దీ దిగుతుంది. ముందు చెవి పట్టుకుంది, తర్వాత తోక.

"అదిలించావా నాయనా?"

"పిన్నీ... ఇరుక్కున్నాను పిన్నీ!"

చుక్కమ్మ పరుగందుకుని ఎగిరి చెట్టెక్కింది. "ఈసారి పూలు గుచ్చేటప్పుడు నాలుగు ఎండుటాకులు కూడా కలుపు. ఆడవాళ్ళు లేని గుంపును చూసి ఏ ఆడది నమ్ముతుందిరా?"

నవ్వుకుంటూనే ఇంటిదారి పట్టింది. వెదురువనం చేరేసరికి మాత్రం ఆ నవ్వు లేదు. నీరసంగా ఒక వెదురు గడ కింద కూలబడింది.

పైనుంచి గింజపొట్టు ఆమె వీపు మీద రాలింది.

తలెత్తింది. మట్టిరంగు పిట్ట, రొమ్ము మీద చారలు, లావుపాటి ముక్కు. వారాల తరబడి రోజూ కనబడుతూనే ఉంది. ఊరపిచ్చుకేలే అనుకుని చుక్కమ్మే దాటిపోయింది.

"నువ్వు... మీరు ఎప్పుడొచ్చారే?"

"వెదురు మళ్ళీ గింజ పట్టిందని తొలిమంచుకే వచ్చాం అమ్మమ్మా. ఇక్కడ ఈల వేస్తే కింద కోళ్ళు పలుకుతాయని మా అవ్వ చెప్పేది. వచ్చిన రోజు చాలాసేపు వేశాం. ఎవరూ పలకలేదు. పలకని చోట ఎంతసేపని వేస్తాం?"

ఆ రోజు చుక్కమ్మ మూడో కొండ మీద వీళ్ళ కోసమే వెతుకుతోంది. ఆడవాళ్ళు లేని గుంపు ఉంటుందా అని నక్కను అడిగినట్టే తనను తాను ఒక్కసారి అడిగి ఉంటే, ఈ మట్టిరంగు పిట్టల్ని దాటిపోయేది కాదు.

"ఎర్రతలలు?"

"మా అన్నలకింకా రంగు రాలేదు. తాత ఒక్కడే, అదిగో ఆ చివర."

మసక కంటికి ఒక దానిమ్మ గింజంత ఎరుపు కనబడింది. అంతే. చాలా సేపు చూసింది.

"ఏదీ, ఆ ఈల వెయ్యి" అంది చుక్కమ్మ.

పిట్ట వేసింది. అమ్మ వంతూ అక్కల వంతూ మేనత్త వంతూ కూడా చుక్కమ్మ తనే పలికింది. గొంతు బొంగురుపోయింది. అయినా పైన వెదురంతా ఒక్కసారిగా ఈలలెత్తింది.

నీతి: జ్ఞాపకంలోని రంగు కోసమే వెతికేవాళ్ళకు ఇంటికొచ్చిన చుట్టం కంటికి ఆనదు.