ఉలవయ్యని పిలిచే మాట

అనగనగా ఏటి పక్కన ఒక ఊళ్ళో చాపలు అల్లుకునే ఒకాయన ఉండేవాడు. ఆయనకి పైడి అని ఒక్కతే కూతురు. తల్లి లేని పిల్ల. నాన్న చాపలు నెత్తిన పెట్టుకుని సంతకి పోతే, ఇంట్లో ఆ పిల్లకి తోడు ఒక కుక్కపిల్ల. ఉలవల రంగులో ఉందని దానికి ఉలవయ్య అని పేరు పెట్టుకుంది.

పైడి ఏం చేసేదంటే, పాత గుడ్డపీలిక ఒకటి ఊపి "ఉస్కో" అనేది. ఉలవయ్య ఎగిరి పట్టుకుని గుర్రుమంటూ వేలాడేవాడు. అది చూసి వాళ్ళ నాన్న పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నువ్వు మూతి ముడవకు బంగారూ, అక్కడుంటే నువ్వూ నవ్వేదానివే.

ఒకనాడు గాజులాయన వచ్చాడు. ఉలవయ్య ఆయన పంచె అంచు పట్టుకుని లాగాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఇంకోనాడు పక్కింటి తాత కండువా లాక్కుపోయాడు. అప్పుడు కొందరే నవ్వారు.

ఆ తర్వాత ఉలవయ్య పెద్దవాడయ్యాడు. మజ్జిగ అమ్మే అచ్చియ్యమ్మ కుండ నెత్తిన పెట్టుకుని వీధిలో వెళ్తుంటే, ఆమె చీర కుచ్చెళ్ళు గాలికి ఊగాయి. ఉలవయ్యకి అదీ ఆటే. ఎగిరి పట్టుకున్నాడు. ఈసారి పళ్ళు చీరతో ఆగలేదు, పిక్కలో దిగాయి. కుండ పగిలింది. మజ్జిగలో నెత్తురు కలిసింది. ఎవ్వరూ నవ్వలేదు.

పైడి నాన్న ఆమెని బండిలో ఆస్పత్రికి తీసుకెళ్ళి సూదులు వేయించాడు. కుక్కని ఏరు దాటించి వదిలెయ్యమని ఊరంతా గోల పెట్టింది.

అప్పుడు గొర్రెల మంద తోలుకుంటూ పైడి మేనమామ ఎర్రన్న వచ్చాడు. "వదిలేస్తే ఇంకో ఊళ్ళో కరుస్తాది బావా. ఆట అని నేర్పింది మనమే, మానడం కూడా మనమే నేర్పాల. నాతో పంపు, వానలు తగ్గాక తిరిగి తెస్తా" అన్నాడు.

పైడి మావ చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"నువ్వూ నేర్చుకోవాల కోడలుపిల్లా" అన్నాడు ఎర్రన్న. "ఒకసారి నవ్వుతూ, ఒకసారి అరుస్తూ చెప్తే దానికేం తెలుస్తాది? కూర్చో అంటే కూర్చోవడమే. రా అంటేనే రావడం. మాట మార్చకూడదు. చెప్పింది చేస్తే ఇంత బెల్లం ముక్క పెట్టు. దెబ్బ మాత్రం వద్దు."

ఉలవయ్య వెనక్కి చూసుకుంటూ, చూసుకుంటూ మందతో కొండవైపు పోయాడు.

ఇల్లు బోసిపోయింది. పైడి రోజూ సాయంత్రం ఉలవయ్య మట్టిచిప్ప గుమ్మం ముందు పెట్టి "కూర్చో" అనేది. కూర్చోడానికి ఎవరున్నారు? కాసేపాగి "రా" అనేది. రావడానికి ఎవరున్నారు? ఆ గుడ్డపీలికని మాత్రం పొయ్యిలో పడేసింది.

పొద్దున్నే అచ్చియ్యమ్మ ఇంటికెళ్ళి, మజ్జిగ చిలకడానికి సాయంగా కవ్వం పట్టుకునేది. "ఉలవయ్య వస్తే నీకు భయమా అత్తా?" అని ఒకరోజు అడిగింది.

"భయమేనే" అంది అచ్చియ్యమ్మ. "కుక్క అరుపు ఇంటే నా కాలు దానంతటదే వణుకుతాది."

పైడి కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే అలాగే కవ్వం తిప్పింది.

వానలు తగ్గాక ఒక మంద వచ్చింది. పైడి పరుగెత్తింది. మావ కాదు. ఆ తర్వాత ఇంకో మంద వచ్చింది. మావ కాదు. ఆ పూట అన్నం ముట్టలేదు. చిక్కుళ్ళు కాసే వేళకి మూడో మంద దుమ్ము లేచింది. దుమ్ములోంచి ముందు ఎర్రన్న తలపాగా కనిపించింది. పక్కన రెండు చెవులు.

పైడి వీధికి ఈ చివర, ఉలవయ్య ఆ చివర. "రా" అనే మాట నాలుక చివరికి వచ్చేసింది. అప్పుడు మధ్య సందులోంచి అచ్చియ్యమ్మ కుండతో వచ్చింది. కుక్కని చూసి నిలబడిపోయింది. కాలు వణుకుతోంది. చీర కుచ్చెళ్ళు గాలికి ఊగుతున్నాయి.

పైడి నాలుక మీది మాట మింగేసింది. "కూర్చో" అంది.

ఉలవయ్య కూర్చున్నాడు. తోక దుమ్ము ఊడుస్తోంది, చూపంతా పైడి మీదే ఉంది, అయినా లేవలేదు.

అచ్చియ్యమ్మ ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. కుంటుకుంటూ వాడి ముందునుంచే దాటిపోయి, అప్పుడు వెనక్కి తిరిగి, "ఇంక పిలుచుకోయే. ఎంతసేపు కూకోబెడతావు దాన్ని" అంది.

పైడి నోరు తెరిచింది. ఏడుపు అడ్డం పడి మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. రాలేదు. ఉలవయ్య కదలకుండా అలాగే ఎదురుచూశాడు. మూడోసారి, పక్కనున్నవాళ్ళకి కూడా వినపడనంత సన్నగా "రా" అంది.

అంత దూరం నుంచి వాడికెలా వినిపించిందో నాకు తెలీదు బంగారూ. వచ్చి ఆ పిల్ల ఒళ్ళో పడ్డాడు.

మంద పోయె కొండకి,
ఉలవయ్య ఇంటికి,
కథ పోయె కంచికి,
కునుకు నీ కంటికి.