కోటప్ప బండికి మూడు మందులు

ఘాట్ రోడ్డు మొదట్లో నక్క గవరయ్యకు కార్ల సర్వీసు షెడ్డు ఉంది. అడవిలో బండి ఉన్నవాళ్లెవరైనా అక్కడికి రావలసిందే, ఇంకో షెడ్డు లేదు మరి. గవరయ్యకు పనితనం అంతంత మాత్రమే గాని నోరు మంచిది. ఆ నోటితోనే అంత షెడ్డూ కట్టాడు.

ఒక బుధవారం పొద్దున ముసలి ఎద్దు కోటప్ప తన పాత కారు తీసుకొచ్చాడు. జోడెద్దు రంగడు పోయి ఏడాదైంది. అప్పటి నుంచి కోటప్పను పలకరించే దిక్కు లేదు. ఉన్నదల్లా ఘాటు అవతల ఏటి ఒడ్డున గేదె పోలమ్మ. గురువారం గురువారం కారేసుకుని వెళ్లి, ఆమెతో ఓ పూట కబుర్లాడి వస్తే వారమంతా నెట్టుకొచ్చేవాడు. ఇప్పుడా ఏరు ఎండిపోతోంది. పోలమ్మ మంద రేపు సాయంత్రం దూరపు మైదానాలకు వెళ్లిపోతోంది. రేపు చూడకపోతే ఇక చూడడం ఉండదు.

"ఆయిల్ మార్చి ఇచ్చెయ్యి గవరయ్యా. రేపు పొద్దున్నే ఘాటెక్కాలి."

"కూర్చో మావా," అంటూ గవరయ్య ఆయిల్ చూసే పుల్ల తీసి గుడ్డకు తుడిచాడు. గుడ్డ నల్లబడింది. "చూశావా, లోపలంతా మసే. ఇంజన్ కడిగించకపోతే ఘాటు మధ్యలో ఆగిపోతావు."

"బండితో ఇచ్చిన పుస్తకంలో ఆయిల్ మార్చమనే ఉంది. కడగమని లేదే."

"ఆ పుస్తకం రాసినాయన మన ఘాటెక్కాడా?"

గవరయ్య టీ తేవడానికి లోపలికెళ్లాడు. ఈలోగా పాత ఆయిల్ వదిలించి కొత్తది పోసేసిన మెకానిక్కు, ముళ్లపంది సింహాచలం, కారు కింద నుంచి తల బయటపెట్టాడు. "ఆయిలన్నాక నల్లబడద్ది మావా. మసిని తనలోకి లాక్కోడమే దాని పని. నీ బండికేం లేదు, తోలుకుపో."

కోటప్పకు అర్థమైంది. లేవబోయాడు కూడా. అంతలో గవరయ్య టీ తెచ్చి ముందు పెట్టి, పక్కనే చతికిలబడ్డాడు. "ఇంతకీ రంగడన్న ఎలా పోయాడు మావా?"

ఏడాదిలో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. కోటప్ప లేవడం మానేసి టీ అందుకున్నాడు. మెల్లగా మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా చెప్పాడు. గవరయ్య ఊఁ కొడుతూ అంతా విన్నాడు. విని, "మరి కడిగించేద్దామా?" అన్నాడు.

వద్దంటే లేచి ఇంటికెళ్లాలి. ఇంట్లో ఎవరున్నారు గనక. "కానీయ్," అన్నాడు కోటప్ప.

కడిగాక పెట్రోలు వెళ్లే గొట్టాల్లో మందు పోయాలన్నాడు గవరయ్య. అది తెల్లారేదాకా నానాలన్నాడు. కోటప్ప ఒప్పుకుని, రంగడితో తొలిసారి కాడి మోసిన రోజు సంగతి చెప్పాడు. గురువారం పొద్దున గవరయ్య ఇంజన్ లోపల పూత వేయాలన్నాడు.

"పోలమ్మ ఎదురుచూస్తుంటుందయ్యా."

"వాళ్లు బయల్దేరేది సాయంత్రం కదా. మధ్యాహ్నానికి ఇచ్చేస్తాను. ఇంకో టీ తాగు, రంగడన్న పాటలు కూడా పాడేవాడంటగా?"

కోటప్ప మళ్లీ కూర్చున్నాడు.

పూత ఆరేసరికి పొద్దు వాలింది. కారు కిందటి వారం ఎక్కినట్టే ఘాటెక్కింది, వీసమెత్తు తేడా లేదు. ఏటి ఒడ్డున గిట్టల గుర్తులు తప్ప ఏమీ లేవు. పోలమ్మ పడుకునే చోట గడ్డి ఇంకా అణిగే ఉంది. కోటప్పకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాడు, చూసేవాళ్లు కూడా లేరు కనక.

మర్నాడు తిన్నగా షెడ్డుకు వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"పోలమ్మ వెళ్లిపోయింది గవరయ్యా."

"బండికేమైనా అయిందా?"

"లేదు. బాగానే ఉంది."

"అయితే కాస్త పక్కకు తియ్యి మావా. మేక సన్యాసమ్మగారు వెనకాల ఆగి ఉన్నారు."

కోటప్ప లేచి బండి పక్కకు తీశాడు.

బండికి అక్కర్లేని మందు పోయించే ముందు, ఆ అక్కర బండిదో మనదో ఒక్కసారి చూసుకోవాలి.