గద్దకొండ మీద పదకొండు బిరుదులు

తుమ్మలకోట రాజు భీమకేతుడికి ఒక సోమవారం నిండు కొలువులో కొండెక్కాలని బుద్ధి పుట్టింది. దానికి కారణం పొరుగురాజు రాసిన ఉత్తరం. తన రాజ్యంలోకెల్లా ఎత్తైన కొండెక్కి జెండా పాతానని, తమరు ఏ కొండ ఎక్కారో తెలిస్తే సంతోషిస్తానని రాశాడా మహానుభావుడు.

"శుక్రవారం మేం గద్దకొండ ఎక్కుతున్నాం" అన్నాడు రాజు.

గద్దకొండ మీదికి మేకల కాపర్లే సగం దాకా వెళ్లి, ఓ దండం పెట్టి తిరిగొచ్చేస్తారు. రాజుగారు ఈ పదకొండేళ్లలో నడిచిన అతి పెద్ద నడక భోజనశాల నుంచి ఉయ్యాలబల్ల దాకా.

విస్సన్న గుండెల్లో రాయి పడింది. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. అయితే ఉద్యోగం మాట ఎలా ఉన్నా, రాజంటే అతనికి ప్రాణం. లేచి, ముందుగా పదకొండు బిరుదులూ అప్పజెప్పాడు. తుమ్మలకోటలో అదొక ఆచారం. రాజుతో ఏం చెప్పాలన్నా 'శత్రుభయంకర, సమరసింహ, దానకర్ణ' అంటూ పదకొండూ ఒకే ఊపిరిలో పలకాలి. మధ్యలో ఆగితే మళ్లీ మొదటికి రావాలి. అన్నీ విన్నాక రాజు "ఔను, తుమ్మలకోటను ఏలే భీమకేతుడను నేనే, చెప్పు" అనాలి. అప్పుడే అసలు మాట.

"చిట్టికొండతో మొదలుపెడదాం ప్రభూ. నెల పోయాక నడిమికొండ. ఆ తర్వాత కాళ్లు ఒప్పుకుంటే గద్దకొండ."

ఆ బిరుదులన్నీ కట్టిన దామోదర భట్టు మీసం మెలేశాడు. ఏడాదికో బిరుదు చొప్పున అతికించి, ఏడాదికో శాలువా కప్పించుకున్న ఘనుడు. "ప్రభువులకు గద్దకొండ చీమలపుట్టతో సమానం. విస్సన్నగారి నోట మాట్లాడుతున్నది ఆయన పొట్ట" అన్నాడు.

"నిజమే భట్టుగారూ. అది ఎప్పుడూ నాకన్నా ముందే ఉంటుంది" అన్నాడు విస్సన్న.

అందరూ నవ్వారు, రాజు తప్ప. "అయితే ఆ పొట్టతో నువ్వూ రావాలి. నడిదారిలో వెనక్కి తిరిగావో, మళ్లీ ఈ కొలువు గడప తొక్కొద్దు."

మర్నాడు విస్సన్న ఒంటరిగా కొండల దగ్గరికి వెళ్లాడు, శుక్రవారం తనకు ఎంత పరువు పోబోతోందో ముందే కొలుచుకుందామని. గద్దకొండ మీద సగం దారిలో ఉన్న చీలిన బండ దాకా పాకి, తోడుకు ఎవరూ లేక బిరుదులు అప్పజెప్పుకోబోయాడు. అయిదో బిరుదు దగ్గర తలప్రాణం తోకకొచ్చింది. కాసేపు పడుకుని లేచి, దిగొచ్చి, చిట్టికొండ ఎక్కాడు. అక్కడ శిఖరం చేరాక కూడా పదకొండూ పలికాయి, మధ్యలో ఒక్క ఎక్కిలితో. అప్పుడు తట్టిందతనికి ఉపాయం.

శుక్రవారం గద్దకొండ అడుగున విస్సన్న చేతులు కట్టుకుని, బిరుదుల తంతు ముగించి, "కొండెక్కినంత మాత్రాన ఆచారం తప్పకూడదు ప్రభూ. వంద అడుగులకోసారి భట్టుగారు బిరుదులు చదవాలి, తమరు బదులు పలకాలి" అని మనవి చేశాడు.

రాజు ముచ్చటపడ్డాడు. భట్టు ఇంకా ముచ్చటపడ్డాడు.

మొదటి వంద అడుగులకు భట్టు గొంతు కంచుగంటలా మోగింది. రెండో వందకు పదకొండూ వచ్చాయి గాని, చివరి రెండూ ముక్కుతో వచ్చాయి. రాజు "ఔను, తుమ్మలకోటను" అని ఆగి, చెమట తుడుచుకుని, మిగతాది తర్వాత పలికాడు. విస్సన్నకు ఉన్న ఊపిరి నడకకే చాలడం లేదు.

చీలిన బండ దగ్గర భట్టు మొదలుపెట్టాడు. "శత్రుభయంకర, సమరసింహ, దాన..." ఆగాడు. మళ్లీ మొదటికొచ్చాడు. "శత్రుభయంకర, సమర..." మూడోసారి శత్రువు ఒక్కడే వచ్చాడు, భయంకరం రాలేదు.

రాజుకు కోపమొచ్చింది. తిడదామంటే గాలి అందలేదు. అతని పెదవులు తెల్లబడడం విస్సన్న చూశాడు. బండకు ఆనుకుని, దక్కినంత ఊపిరి కూడగట్టుకుని, తనూ "శత్రుభయంకర" అని ఎత్తుకున్నాడు.

"బిరుదులొద్దు" అన్నాడు రాజు, చెయ్యి ఊపుతూ. "విషయం... చెప్పు."

"ఏ కొండ మీద తమ బిరుదులు పదకొండూ ఆగకుండా పలుకుతాయో అదే మనకు తగిన కొండ ప్రభూ. చిట్టికొండ మీద పలికాయి. పలికింది ఈ పొట్టే."

"గద్దకొండ ఎక్కితే... ఏం?"

విస్సన్న శిఖరం వైపు చూపించాడు.

"సగం దారిలోనే బిరుదులన్నీ వదిలేశాం ప్రభూ. పైకి చేరేసరికి పేరు కూడా పలకలేం. అప్పుడు పొరుగురాజుకు ఎవరు ఎక్కారని రాయమంటారు?"

రాజు బండ మీద కూలబడి, దగ్గుతో కలిపి నవ్వడం మొదలుపెట్టాడు. వెంట వచ్చిన భటులు కూడా బల్లేలకు ఆనుకుని నవ్వారు. విస్సన్నకు ఎంత హాయనిపించిందంటే, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకో పదడుగులు వేసి ఉంటే అందరికన్నా ముందు పడేది తనేనని అతనికి బాగా తెలుసు.

"చిట్టికొండకు పదండి" అన్నాడు రాజు, కిందికి తిరుగుతూ.

భట్టు వేలెత్తాడు. నడిదారిలో తిరిగినవాడు కొలువులోకి రాకూడదన్న షరతు గుర్తుచెయ్యాలని అతని తాపత్రయం. "ప్రభూ... విస్సన్న... వెనక్కి..." అన్నాడు గాని, మాట ముగియలేదు.

"ముందు తిరిగింది నేను" అన్నాడు రాజు. "విస్సన్న నా వెంట వస్తున్నాడు, అంతే."

అని తన వేలి కెంపుటుంగరం తీసి విస్సన్నకు తొడిగాడు. అది చిటికెనవేలి మీద కూడా సగం దారిలో ఆగిపోయింది. అది చూసి రాజు మళ్లీ నవ్వాడు, విస్సన్న అంతకన్నా గట్టిగా నవ్వాడు. భట్టు కూడా నవ్వాలని చూశాడు గాని, అతనికింకా ఊపిరి అందలేదు.