అర మనిషికి పెళ్ళి

తుంగవాడలో చాపలల్లే అన్నదమ్ములు పదిమంది. ఊరి తెలివంతా మనింట్లోనే పోగుపడిందని పెద్దవాడు గవరయ్య రోజూ చెప్పేవాడు, మిగతా తొమ్మిదిమందీ తలలూపేవాళ్ళు. ఆఖరివాడు సన్యాసి తల ఈమధ్య ఊరికే కూడా ఊగుతోంది. పక్కపేట పైడమ్మ బుగ్గ మీది సొట్ట గుర్తొస్తే చాలు, చాపలో ఓ పుల్ల తప్పేది. పని ఉన్నవాడికే పిల్లనిస్తానన్నాడు ఆమె తండ్రి దాలయ్య. పనికేం, బోలెడుంది. వచ్చే నెలకి ముహూర్తం పెట్టేశారు.

ఇంతలో సర్కారు మేడం ఒకావిడ ఉపాధి లెక్కలు రాసుకోవడానికొచ్చింది. మండలంలో పదిమందికి ఒకరు పని లేకుండా ఉన్నారని చెప్పి వెళ్ళింది.

గవరయ్య వేళ్ళు మడిచి చూశాడు. ఇంట్లో పదిమందికీ పనుంది. ఇంకేముంది, తమ మూలాన సర్కారు కాగితం అబద్ధమైపోయింది.

"పదోవాడివి నువ్వే గదరా, పని మానెయ్," అన్నాడు.

"మరి పైడమ్మో?" అన్నాడు సన్యాసి.

"సర్కారుకంటే పైడమ్మ ఎక్కువేంట్రా?"

అంతే. సన్యాసిని అరుగు మీద కూర్చోబెట్టారు. వాడి చెయ్యి ఊరుకోక తుంగ మీదికి పోతోందని తొమ్మిదోవాణ్ణి కాపలా పెట్టారు. దాంతో వాడికీ చాప పని పోయింది, ఇద్దరు ఖాళీ. ఇద్దరు ఖాళీగా ఉండాలంటే ఇరవైమంది కావాలి గదా అని, దారినపోయే పదిమందిని లాక్కొచ్చి తుంగ చేతిలో పెట్టారు. వాళ్ళకి అల్లడం రాదు. నేర్పడానికి మిగతా ఎనిమిదిమందీ అల్లిక ఆపారు. ఇంకేముంది, ఇరవైమందిలో ఇరవైమందీ ఖాళీ.

వాళ్ళని బతిమాలి సాగనంపేసరికి నెల గడిచింది. తెల్లారితే పెళ్ళనగా మేడం మళ్ళీ వచ్చింది. సంగతంతా విని, ఆ లెక్క మండలం మొత్తానిది, మీ ఇంటిది కాదు నాయనా అంది. మా ఇల్లు మండలంలో లేదా అని గవరయ్య అడిగాడు. ఆవిడ సంచీ భుజాన వేసుకుని, పోనీలెండి, ఇప్పుడు పని లేనివాళ్ళు సగానికి తగ్గారు అని చెప్పి గబగబా బస్సెక్కేసింది.

సగమంటే, పదిమందికి అర మనిషి. సన్యాసి కుడి సగానికి పనిచ్చి, ఎడంచేతిని నడుముకి కట్టేశారు. పందిట్లో దాలయ్య వాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసి, పిల్లనిచ్చేది కుడి సగానికే అని తేల్చేశాడు.

సన్యాసికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"మావా, పైడమ్మున్నది గుండెలో. అదేమో ఎడంపక్కుంది. పగలూ రాత్రీ కొట్టుకుంటానే ఉంది, అది పని కాదా?"

పైడమ్మ తలొంచుకుని నవ్వింది. పనే అని పందిరంతా ఒప్పుకుంది. కానీ రెండు పక్కలా పనుంటే కాగితం మళ్ళీ అబద్ధమైపోదూ? అంతే, ఎడంచేతి కట్టు విప్పి కుడిచేతికి కట్టారు. సన్యాసి ఎడంచేత్తో, పళ్ళతో తంటాలుపడి మూడు ముళ్ళూ వేశాడు.

అక్షింతలు పడుతుండగానే గవరయ్య చెప్పులేసుకున్నాడు. ఎక్కడికని దాలయ్య అడిగాడు.

"కుడి సగం పెళ్ళికాకుండా ఉండిపోయింది గదా బావా," అన్నాడు గవరయ్య. "దానికీ ఓ పిల్లని చూసొస్తా. పనీపాటా లేని పిల్లయితే ఈడూజోడూ కుదురుతుంది."