చేతి మీది పేరు

సోమనాథయ్యగారిని ఏదైనా అడిగితే చప్పున జవాబు చెప్పే అలవాటు లేదు. "పద, చూద్దాం" అని కండువా భుజాన వేసుకునేవారు. ఆయన మఠంలో వయోజనులకు అక్షరాలు నేర్పే శిష్యుడు విశ్వపతి ఒకనాడు చేతులు కట్టుకుని నిలబడి, "స్వామీ, చదువు వల్ల కీడే తప్ప మేలు లేని వయసంటూ ఒకటుందా?" అని అడిగాడు.

అడిగింది వయసు గురించే గాని, అతని మనసులో ఉన్నది సుంకులమ్మ. భర్త పోయిన ముసలావిడ. ముంజేతి మీద ఆయన పేరు పచ్చబొట్టు. పొద్దున లేవగానే కళ్లు మూసుకుని ఆ చేతిని కళ్లకద్దుకునేది. పెనిమిటి పేరు పలకకూడదని పెరిగిన మనిషి. పలకలేని పేరును కనీసం చదువుకోవాలని బడికి వచ్చింది. సగం సగం చదివితే అపచారమట. చదువంతా అయ్యేదాకా చూడనని ముంజేతికి కొంగు చుట్టుకుని కూర్చునేది.

ఒకసారి పలక కడుగుతుంటే ఆ కొంగు జారింది. విశ్వపతి చదివాడు. ఊరంతా ఆమెను ఓబులేసు పెళ్లాం అనే పిలుస్తారు. చేతి మీద ఉన్నది 'భీమన్న'. అప్పట్నుంచి అతను ఒత్తుల పాఠం జోలికి పోలేదు. గుణింతాలే ఇంకా సరిగా రాలేదని సాకు చెప్పి వాటినే తిప్పి తిప్పి దిద్దించాడు. పాపం, ఆమె తన బుర్రే మొద్దనుకుని మారుమాట్లాడకుండా దిద్దింది.

సంగతంతా విని గురువుగారు కండువా వేసుకున్నారు. తిన్నగా బడిలోకి వెళ్లి నల్లబల్ల మీద అమ్మ, అక్క, అన్న అని రాసి, అక్షరం కింద అక్షరం ఎలా కూర్చుంటుందో చెప్పారు. విశ్వపతి అడ్డుపడబోయి, గురువుగారికి ఎదురు చెప్పలేక ఆగిపోయాడు.

"ఇంతేనా సామీ? ఇంక అన్నీ వచ్చినట్టేనా?" అంది సుంకులమ్మ.

"మిగతావి చదువుకుంటూ పోతే వస్తాయమ్మా."

ఆమె కొంగు విప్పింది. వేలు పెట్టి కూడబలుక్కుంది. "భీ... మ... న్న." మళ్లీ చదివింది. పక్కనున్న ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. విశ్వపతికి గురువుగారి మీద మొదటిసారి ఒళ్లు మండింది. ఇంత కఠినాత్ముడా ఈయన అనుకున్నాడు.

"ఎవురీ భీమన్న?" అని ఆమె తన చేతినే అడిగింది. ఆనక మెల్లగా గుర్తుకొచ్చింది. "తిరనాళ్లలో పొడిపించుకొంటి. పేరు చెప్పకూడదని మాయాయన్ని గడ్డంతో చూపిస్తి. పచ్చ పొడిచే ఆయమ్మ పక్కనున్నోని పేరు కనుక్కోని పొడిచినట్టుండాది." ఇన్నేళ్లూ ఎవరినో కళ్లకద్దుకుంది. ఆమె ముఖం చూడటానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

లేచి వెళ్లిపోతుందనుకున్నారు. ఆమె పలక ఒళ్లోకి లాక్కుంది. బలపం పట్టుకుని విశ్వపతి వైపు తిరిగి, పెళ్లయిన నాటి నుంచి ఎన్నడూ అనని మాట గొంతెత్తి అనేసింది.

"ఓబులేసు! నా మొగుని పేరు ఓబులేసు. రాస్తా, తప్పుంటే చెప్పు."

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆమె రాసింది. వంకరటింకరగా ఉంది గాని తప్పు లేదు. అందులో ఒత్తే లేదు, చేతి మీద ఉన్నది వేరే పేరని తెలిసుంటే ఎప్పుడో రాయగలిగేది. రాసిన పలకను కళ్లకద్దుకుని అప్పుడు ఏడ్చింది.

విశ్వపతి తల దించుకుని గురువుగారి వెంట బయటికి వచ్చాడు. ఆయన కండువాకంటిన సుద్దపొడి దులుపుకుంటూ అన్నారు:

"నువ్వు దాచింది ఒత్తులొక్కటేనా, నాయనా?"