గుమ్మడి తోసేసిన తొట్టి

అనగనగా, పందులు కూడా నోరు విప్పి మాట్లాడే కాలంలో, ఒక ఏటి ఒడ్డున బుట్టలల్లుకుని బతికే నాంచారి ఉండేది. ఆమెకొక ఆడపంది. గుండ్రంగా ఉంటుందని దాన్ని గుమ్మడి అని పిలుచుకునేది. కరువొచ్చిన ఏడు గుమ్మడి ఈనిన పిల్లలే ఆ ఇంట పొయ్యి ఆరకుండా కాపాడాయి. ఇప్పుడు మళ్ళీ ఈనింది, గంపెడు పిల్లలు!

ఈసారి కురిసిన వానలకు చూరు కారి, గాదెలో జొన్నలు తడిసి పచ్చగా బూజు పట్టాయి. నాంచారి గుండె చెరువైంది. "అన్నం పరబ్రహ్మ స్వరూపం. పారేస్తే కళ్ళు పోవూ?" అనుకుని ఎండబోసి, చేటతో చెరిగింది. బూజు రాలిపోయింది. చూడ్డానికి బాగున్నవి తన సంకటికి దాచుకుని, తక్కినవి తొట్టిలో పోసింది.

గుమ్మడి వాసన చూసి, మూతితో తొట్టి తోసేసింది.

మర్నాడు నాంచారి ఆ జొన్నల్నే కడిగి కడిగి పోసింది. మళ్ళీ తోసేసింది. మూడోనాడు ఉడకబెట్టి, తవుడూ బెల్లమూ కలిపి పెట్టింది. ముచ్చటగా మూడోసారీ తొట్టి బోర్లా పడింది! ఈలోగా అన్నిటికంటే చిన్న పిల్ల నేలమీది ముద్దను గుటుక్కున మింగేసింది. తెల్లారేసరికి పాలు మానేసి, పారుకుంటూ తల వాల్చేసింది.

"ఓసి పొగరుబోతుదానా! పెట్టిన తిండి తోసేసి, పిల్లను చంపుకుంటావా?" అని కర్ర ఎత్తింది నాంచారి. హవ్వ! తప్పెవరిది, కర్ర ఎవరి మీద, చూశారా?

గుమ్మడి కదల్లేదు. "కర్ర దించు తల్లీ. నువ్వు దులిపింది పైనున్న బూజునే. అది గింజలోకి దింపిన విషం ఎండకు చావదు, నీళ్ళకు కొట్టుకుపోదు, పొయ్యికి లొంగదు. మా పేగు లోపలి పొర నువ్వల్లే బుట్టలాంటిది. సన్న సన్న కణాలు ఒకదాన్నొకటి బిగించి పట్టుకునుంటాయి. ఆ విషం వాటి పట్టు సడలిస్తుంది. అల్లిక వదులైన బుట్టలో రాగులు నిలుస్తాయా? తిన్నది ఒంటబట్టదు, రాకూడని రోగం లోపలికొస్తుంది" అంది.

బుట్ట సంగతి నాంచారికి వేరే చెప్పాలా! చేతిలో కర్ర జారిపోయింది. "మరి ఈ పసిదాని గతేమిటే?"

"చెడ్డ తిండి ఆపి, మంచిది పెట్టు. ఆ బుట్ట తనను తానే మళ్ళీ అల్లుకుంటుంది. అది సరే గానీ, నీ సంకటికని దాచుకున్నావే, మనుషుల పేగులు ఇనుముతో చేశారా?"

నాంచారి దాచినవీ గాదెలోవీ అన్నీ కోడి కూడా ముట్టకుండా గోతిలో పూడ్చింది. ఏటి అవతల బుట్టలిచ్చి మంచి జొన్నలు తెచ్చి, పలచగా గంజి కాచి పోసింది. చిన్నది మెల్లగా తలెత్తింది. కొన్నాళ్ళకు తల్లి పాల కోసం అన్నలతో కుమ్ములాటకే దిగింది.

నాంచారి గుమ్మడి మెడ పట్టుకుని ఏడ్చేసింది. "నేను నిన్ను కొట్టబోయాను. నువ్వు నా ప్రాణం కూడా కాచావు. నీ రుణం ఎలా తీర్చుకోనే?"

ఆనాటి నుంచి కొత్త జొన్నలు ఇంటికొస్తే తొలి దోసెడు గుమ్మడిదే. అది వాసన చూసి తిన్నాకే నాంచారి పొయ్యి వెలిగించేది.

అందుకే పిల్లలూ, నోటి ముందు ముద్ద తోసేసినవాళ్ళని తిట్టకముందు ఎందుకు తోశారో అడగండి; మన మేలుకే అని తెలిస్తే చేతులెత్తి దండం పెట్టండి.